ఆటలో అన్నీ వచ్చు, ఎదురుగా పెడితే ఒక్కటీ రాదు

ప్రశ్న: అక్కా, నమస్తే. మా బాబుకి ఆరేళ్లు. నాలుగో ఏట ఆటిజం అని తేలింది. విడివిడిగా ఓ పాతిక ముప్పై మాటలు అంటాడు, అవి కూడా చాలావరకు మేం అన్నది తిరిగి అనడమే. వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపీకి తీసుకెళ్తున్నాం. అక్కడివాళ్లు ఇంట్లో సాధనకని ట్యాబ్‌లో రెండు మూడు నేర్చుకునే ఆటలు పెట్టమన్నారు. ఏడాదయింది. వాటిలో రంగులు, జంతువులు, అంకెలు టకటకా నొక్కేస్తాడు, ఒక్కటి తప్పు పోదు. అదే ఎదురుగా రెండు బంతులు పెట్టి ఎర్రది ఇవ్వరా అంటే నా మొహం కూడా చూడడు. ట్యాబ్ తీసుకోబోతే కింద పడి తల నేలకేసి కొట్టుకుంటాడు. ఈ దిక్కుమాలిన ట్యాబ్ వల్లే వాడికి మాటలు రాలేదని మా అత్తగారు. ఇంకా మంచి యాప్, డబ్బు కట్టి తీసుకునేది ఒకటి ఉంది, అది కొందామని మావారు. మధ్యలో నాకు టెన్షన్. తీసేయనా, కొననా? అసలు వీటితో ఉపయోగం ఉందా?

జవాబు: అమ్మా, ఇప్పుడే తీసేయకండి, కొత్తది కొనకండి. ముందు ఒక చిన్న పని చెయ్యండి. ఈ రాత్రి బాబు పడుకున్నాక ఆ ట్యాబ్ తీసుకుని, శబ్దం పూర్తిగా తగ్గించి, వాడు ఆడే రంగుల ఆట మీరే ఓ ఇరవై నిమిషాలు ఆడండి. జవాబు తెలియని మనిషిలా ఆడండి, అంటే ప్రశ్న రాగానే నొక్కకుండా ఊరికే చూస్తూ కూర్చోండి. చాలా ఆటల్లో నాలుగైదు సెకన్లు ఆగితే సరైన బొమ్మ దానంతటదే కాస్త ఊగుతుంది, లేదా మెరుస్తుంది, లేదా ఓ చెయ్యి గుర్తు వచ్చి ఇక్కడ నొక్కు అని చూపిస్తుంది. కొన్నిట్లో అయితే అవే పది ప్రశ్నలు, అదే వరసలో, రోజూ. మీ అబ్బాయికి వచ్చింది ఎరుపా, లేక ఊగేదాన్ని నొక్కాలన్న సంగతా అన్నది సగం మీకు అక్కడే తెలిసిపోతుంది. మిగతా సగం వాడు ఆడుతున్నప్పుడు శబ్దం తీసేసి చూస్తే తెలుస్తుంది, ప్రశ్న వినపడకపోయినా సరిగ్గా నొక్కేస్తుంటే వాడు పట్టుకున్నది మాటని కాదన్నమాట.

ఇది నేను తెలివిగా కనిపెట్టింది కాదు, తప్పు చేసి నేర్చుకున్నది. ఈ పిల్లలకి చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చేవాడు. వాడిదీ జంతువుల ఆటే, తెర మీద రెండు బొమ్మలు వస్తాయి, ఆవు ఏది అంటే ఆవుని నొక్కాలి. పదికి తొమ్మిది, పదికి పది అని రోజూ పుస్తకంలో రాసుకుని వాళ్లమ్మకి గర్వంగా చూపించేదాన్ని. ఉన్నట్టుండి ఒకరోజు పదికి పదీ తప్పు. మర్నాడూ అంతే. ఒంట్లో బాగాలేదేమో, నిద్ర చాలలేదేమో అని ఏవేవో అనుకుని, చివరికి పక్కన కూర్చుని చూస్తే విషయం వేరు. యాప్ అప్‌డేట్ అయింది, తప్పు నొక్కితే బురదలో కాలేసినట్టు "బ్లచ్" మని శబ్దం పెట్టారు. ఒప్పు నొక్కితే మామూలు చప్పట్లు. వీడు ఆ బ్లచ్ కోసం ప్రతి ప్రశ్నలోనూ తప్పు బొమ్మ వెతికి మరీ నొక్కి పడీపడీ నవ్వుతున్నాడు. ఉన్నవి రెండే బొమ్మలు, అందులో పదిసార్లూ తప్పే నొక్కాలంటే పదిసార్లూ ఒప్పేదో తెలియాలి కదా! యాప్ వాడికి సున్నా వేసింది, నేనూ వేశాను. ఆ తర్వాత నేను ట్యాబ్ పక్కన పెట్టి, రబ్బరు ఆవునీ గుర్రాన్నీ చాప మీద పెట్టి, ఆవు ఇవ్వు అన్నాను. గుర్రం విసిరాడు. నేను నోటితోనే గట్టిగా బ్లచ్ అన్నాను. అన్ని వారాల్లో వాడు నా మొహంకేసి సూటిగా చూడటం అదే మొదటిసారి. మళ్లీ గుర్రం తీసి ఈసారి నా చేతిలో పెట్టి, నా నోటి వంక చూస్తూ నిలబడ్డాడు, శబ్దం ఎప్పుడొస్తుందా అని.

నేను చెప్పదలుచుకున్నదంతా ఆ బ్లచ్‌లో ఉంది. ఆటలో వాడికి నచ్చిన ముక్క ఏదో పట్టుకుని దాన్ని తెరలోంచి మీ చేతిలోకి, మీ నోట్లోకి తెచ్చుకోగలిగితే ఆ ఆట పనికొచ్చినట్టు. తెచ్చుకోలేకపోతే ఎన్ని లెవెల్స్ దాటినా అది ఆ ట్యాబ్‌కి వచ్చిన చదువే.

మీ అత్తగారి మాట దగ్గరికి వద్దాం. ట్యాబ్ వల్ల ఆటిజం రాదు. లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల్ని గమనించి ఈ లక్షణాల గురించి మొదట వివరంగా రాసింది 1943లో, అప్పటికి ట్యాబ్‌ల సంగతి సరే, ఇళ్లలో టీవీలే దాదాపు లేవు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా ఇది, జన్యువుల పాత్ర చాలా ఎక్కువ. మీరు ఫోన్ చేతికిచ్చి తెచ్చిపెట్టినది కాదు, ఆ బరువు మీ నెత్తి మీంచి దించేసుకోండి. అయితే ఆవిడ మాటలో ఒక ముక్క నిజం ఉంది, కోపం తెచ్చుకోకుండా వినండి. ట్యాబ్ పిల్లాడి నోట్లో మాటని లాక్కోదు గానీ మాట అవసరమయ్యే సందర్భాన్ని తగ్గించేస్తుంది. బంతి అటక మీద ఉంటే వాడు మిమ్మల్ని అడగాలి, చెయ్యి పట్టుకుని లాగాలి, కనీసం మీ వైపు చూసి ఏడవాలి. ట్యాబ్ ఒళ్లో ఉంటే ఎవరితోనూ పని లేదు. రోజుకి రెండు మూడు గంటలు అలా గడిస్తే పోయేది సమయమే కాదు, ఎవరినైనా ఏదైనా అడిగే అవకాశాలు కూడా.

మరి ఈ పిల్లలు తెరకి అంతగా ఎందుకు అతుక్కుంటారు? మనం ఒకే మాటని ఎన్ని రకాలుగా అంటామో ఒక్కసారి గమనించుకోండి. "ఎర్రది ఇవ్వు నాన్నా" అంటాం, ఇవ్వకపోతే "ఎర్ర బంతి ఏదిరా" అంటాం, మూడోసారికి "నీతోనే, వినపడుతోందా" అంటాం. మూడు వాక్యాలు, మూడు గొంతులు, మూడు మొహాలు. ఆటలో అలా ఉండదు. వెయ్యిసార్లు అడిగినా అదే మాట, అదే గొంతు, నొక్కగానే అదే చప్పట్లు, విసుగన్నది లేదు. ఏది ఎప్పుడు జరుగుతుందో ముందే తెలిసే చోటు వాళ్లకి హాయి. అందుకే అక్కడ తొందరగా నేర్చుకుంటారు. నేర్చుకున్నది అక్కడే అంటుకుపోవడానికి కూడా కారణం అదే, ఎందుకంటే వాళ్లు నేర్చుకుంటున్నది ఒక్క మాటని కాదు, ఆ మాటతో పాటు ఆ గొంతు, ఆ బొమ్మ నిగనిగ, అది తెర మీద ఉండే చోటు, అన్నీ కలిపి ఒక ముద్దలా. దాంట్లోంచి ఎరుపుని మాత్రం విడదీసి బంతికీ చొక్కాకీ అంటించడం మిగతా పిల్లలకి ఎవరూ నేర్పకుండా వచ్చేస్తుంది, వీళ్లకి చాలాసార్లు విడిగా నేర్పాలి.

మీ ఇంట్లో ఇంకో చిక్కు కూడా ఉందని నా అనుమానం. ఆ ఆట ఏ భాషలో మాట్లాడుతుంది? చాలామటుకు ఇంగ్లిష్‌లోనే కదా. తెర మీద వాడు విన్నది "రెడ్". మీరు అడిగింది "ఎర్రది". థెరపీలో "ఎరుపు" అంటారేమో. చొక్కా వేసేటప్పుడు మీరే "ఎర్ర చొక్కా" అని ఉంటారు. మనకి ఇవన్నీ ఒకటే, వాడికి నాలుగు వేరు వేరు శబ్దాలు, వాటిలో ఒక్కదానికే చప్పట్లు వచ్చాయి. ముందు అందరూ కూర్చుని ఒక్క మాట ఖాయం చేసుకోండి. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కాబట్టి తెలుగు మాటే మంచిదని నా అభిప్రాయం, వాడు రేపు మాట్లాడాల్సింది మీతోనే. మీరు, మీ అత్తగారు, మీవారు, థెరపిస్టు, నలుగురూ ఓ నెల పాటు "ఎరుపు" అంటే "ఎరుపు" అనే అనాలి. ఆట శబ్దం ఆపేసి, ప్రశ్న మీ గొంతుతో మీరే అడగండి. కొన్ని యాప్‌లలో మన గొంతు రికార్డ్ చేసి పెట్టుకోవచ్చు, మన ఫొటోలు కూడా వేసుకోవచ్చు. అలాంటిది దొరికితే మీవారు కొందామంటున్న దానికంటే వంద రెట్లు నయం.

ఇక తెరలోంచి బయటికి తీసుకురావడం. ఒక్క దూకుడులో రాదు, మెట్లు కావాలి. ఆటలో కనిపించే ఎర్ర బంతిని స్క్రీన్‌షాట్ తీసి కాగితం మీద ప్రింట్ వేయించండి. ఆట నడుస్తుండగా ఆ కాగితాన్ని తెర పక్కనే పెట్టి, బంతి వచ్చినప్పుడు "ఎరుపు" అంటూ కాగితం మీద వేలు పెట్టించండి. రెండు మూడు రోజులకి కాగితం పక్కన మీ ఇంట్లో ఉన్న నిజం బంతిని ఫొటో తీసి పెట్టండి, ఆ తర్వాత నిజం బంతినే పెట్టండి, దాన్ని తీసి తెర మీద బొమ్మకి ఆనించమనండి. ఈ ఆనించడం పిల్లలకి భలే నచ్చుతుంది, ట్యాబ్ గీతలు పడుతుందేమో అని మనకే బాధ! అది సాఫీగా జరిగాక తెర ఆర్పేసి రెండు బంతులు చాప మీద పెట్టి అడగండి. సరిగ్గా ఇచ్చిన మరుక్షణం ఆటలో వచ్చే చప్పట్ల పాటో గంట శబ్దమో మీరు నోటితో చెయ్యండి, సిగ్గుపడకండి. బంతితో వచ్చాక ఎర్ర గ్లాసు, ఎర్ర సాక్సు, ఎర్ర బకెట్. ఎక్కడ ఆగిపోయాడో అక్కడ ఒక మెట్టు వెనక్కి రండి తప్ప, ఆటలో వచ్చింది కదా ఇప్పుడు ఎందుకు రాదు అని నిలదీయకండి.

ఆడేటప్పుడు పక్కన ఎలా కూర్చుంటారన్నది కూడా చూసుకోవాలి. చాలామంది అమ్మలు వెనక కూర్చుని వాడి భుజం మీంచి చూస్తారు. అలా కాకుండా ఎదురుగానో ఓ పక్కగానో కూర్చుని ట్యాబ్ మీ చేత్తో పట్టుకోండి, మీ గడ్డం కింద దాకా ఎత్తి పట్టుకుంటే ఇంకా మంచిది, తల ఎత్తినప్పుడల్లా మీ మొహం కనిపిస్తుంది. ఒక ప్రశ్న వాడికి, ఒకటి మీకు. మీ వంతు వచ్చినప్పుడు "అమ్మ" అని, వాడి వంతుకి వాడి పేరు, అంతే, ఎక్కువ మాట్లాడొద్దు. మధ్యలో అప్పుడప్పుడు తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టి ఐదు అంకెలు మనసులో లెక్కపెట్టుకోండి. ఆ ఐదు సెకన్లలో వాడు మీ చెయ్యి తోసినా, మీ వైపు చూసినా, ఏదో ఒక శబ్దం చేసినా, అడిగినట్టే లెక్క, వెంటనే చెయ్యి తీసేయండి. ఇది ఏ యాప్‌లోనూ ఉండదు. ఒకటి మాత్రం వద్దు, వాడి వేలు పట్టుకుని మీరే నొక్కించడం. దాని వల్ల వాడికి వచ్చేది ఎరుపు కాదు, అమ్మ వేలు పట్టుకునేదాకా ఆగాలన్న అలవాటు.

వీటితో ఉపయోగం ఉందా అని అడిగారు కాబట్టి పరిశోధనలు రెండు చెప్తాను, అంతకంటే విసిగించను. ముఖాలు గుర్తుపట్టడం నేర్పే కొన్ని కంప్యూటర్ ఆటలు తయారుచేసి, 2010లో ప్రచురించిన ఒక పరీక్షలో 42 మంది ఆటిజం పిల్లల చేత సుమారు 20 గంటలు ఆడించి, ఆడని 37 మందితో పోల్చారు. ఆడినవాళ్లు కొన్ని రకాల ముఖ పరీక్షల్లో మెరుగయ్యారు, అన్నిట్లో కాదు, ఆ పరీక్షలు కూడా తెర మీదివే. రెండోది అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ వాళ్లది, 2019లో వచ్చింది. 71 మంది పిల్లల మీద చేశారు. అందులో కొంతమందికి గూగుల్ గ్లాస్ కళ్లద్దాలు ఇచ్చారు, ఎదురుగా ఉన్న అమ్మానాన్నల మొహంలో కోపమో నవ్వో ఉంటే కళ్లద్దాలు పసిగట్టి పిల్లాడికి చెబుతాయి. ఒక ఆటలో పిల్లాడు ఎదుటివాళ్లని నవ్వించి ఆ నవ్వుని పట్టుకోవాలి. ఆరు వారాల తర్వాత నలుగురితో మసలుకోవడంలో కొంత తేడా కనిపించింది. మొదటిదానికీ దీనికీ తేడా చూశారా, ఇక్కడ ఆట నడవాలంటే ఎదురుగా ఒక మనిషి ఉండి తీరాలి. ఆ కళ్లద్దాలు మీకు అక్కర్లేదు. మీరున్నారు కదా.

ఇప్పుడు ఆ ఏడుపు. మీరు రాసిన తీరు చూస్తే ట్యాబ్ తీసుకునేది మధ్యలో, ఆట నడుస్తుండగానే అనిపిస్తోంది. మనం ఫోన్‌లో ముఖ్యమైన మాట మాట్లాడుతుంటే ఎవరో వచ్చి లాక్కుంటే ఎలా ఉంటుందో అలాంటిదే అది, కాకపోతే వాడికి చెప్పుకునే మాట లేదు. ఇంకో ఐదు నిమిషాలు అని మీరు ఎన్నిసార్లు అన్నా వాడికి ఐదు నిమిషాలంటే ఏమిటో తెలియదు. కంటికి కనపడేది కావాలి. ఐదు చిన్న కార్డులు ఒక అట్టకి అంటించి, ఒక్కో ప్రశ్నలవరస పూర్తయినప్పుడల్లా ఒకటి వాడి చేతే పీకించండి, అన్నీ అయిపోతే ఆట అయిపోయినట్టు. ఆపడం ఎప్పుడూ లెవెల్ చివరనే, మధ్యలో కాదు. అందుకే అసలు చివరంటూ లేని ఆటలు, ఒకటవగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యేవి, ఈ పిల్లలకి వద్దంటాను. ఐప్యాడ్ అయితే సెట్టింగ్స్‌లో గైడెడ్ యాక్సెస్ అని ఉంటుంది, దానితో ఒకే యాప్‌లో కట్టేసి సమయం పెట్టొచ్చు, నొక్కకూడని చోటుకి తాళం కూడా వెయ్యొచ్చు. ఆండ్రాయిడ్‌లో అలా ఒకే యాప్‌లో కట్టేయడానికి స్క్రీన్ పిన్నింగ్ ఉంది, సమయం హద్దు విడిగా పెట్టుకోవాలి. ఆట ఆగిందంటే ట్యాబ్ ఆపింది, అమ్మ లాక్కోలేదు, ఈ తేడా ఇంట్లో చాలా గొడవ తగ్గిస్తుంది. ఆపాక ట్యాబ్‌ని వాడే తీసుకెళ్లి దాని పెట్టెలో పెట్టాలి, పెట్టగానే వాడికి ఇష్టమైనదేదో సిద్ధంగా ఉండాలి, ఊయలో, నీళ్ల ఆటో, దుప్పట్లో చుట్టి దొర్లించడమో. ట్యాబ్ అవ్వగానే రోజూ స్నానమో రాతపనో ఉంటే మనమైనా ఏడుస్తాం.

మొదటి వారం ఇంకా ఎక్కువ ఏడుస్తాడు, ముందే చెప్తున్నాను. ఆ ఏడుపుకి ట్యాబ్ తిరిగి ఇవ్వొద్దు, తిట్టొద్దు కూడా. తల కొట్టుకుంటున్నాడన్నారు, అది చిన్న విషయం కాదు. కింద దిండో మీ చెయ్యో పెట్టండి, చుట్టూ మాటలు ఆపేయండి, గదిలో వెలుగు తగ్గించండి, నెమ్మదించేదాకా పక్కనే ఉండండి. దెబ్బ తగిలేంతగా కొట్టుకుంటున్నా, ట్యాబ్‌తో సంబంధం లేకుండా మిగతా వేళల్లో కూడా కొట్టుకుంటున్నా ఆగకుండా డాక్టరుకి చెప్పండి. చెవి నొప్పి, పంటి నొప్పి లాంటివి చెప్పలేక తల కొట్టుకునే పిల్లలు ఉంటారు, మనం ట్యాబ్ కోసం అనుకుంటూ ఉండిపోతాం.

ఒక ముఖ్యమైన సంగతి, మీరు అడగలేదు గానీ. థెరపీవాళ్లు రేపు ట్యాబ్‌లోనే బొమ్మలు నొక్కితే మాట పలికే యాప్ పెట్టమనొచ్చు, బాత్రూమ్ బొమ్మ నొక్కితే "బాత్రూమ్" అని పలికేది. అది ఆట కాదు, వాడి నోరు. అల్లరి చేశాడని, చార్జింగ్ అయిపోతుందని, టైమ్ అయిందని దాన్ని తీసెయ్యకూడదు. కుదిరితే దానికి వేరే పరికరం ఉండాలి, పాతదైనా పర్వాలేదు, ఆటలు అందులో ఉండకూడదు. ఇలాంటివి వాడితే ఇక నోటితో మాట్లాడడని చాలామంది భయపెడతారు. అది నిజం కాదు, మాటలకి అవి అడ్డు రావు, కొంతమందికి సాయపడతాయి కూడా. కార్డు చేతికిచ్చి కావలసింది అడిగే పద్ధతి 1985 నుంచీ ఉంది, దానికి ట్యాబ్ కూడా అక్కర్లేదు.

మీవారు చూసిన యాప్ ఏమిటో నాకు తెలియదు, కాబట్టి దాని గురించి ఏమీ అనను. కానీ ఆటిజం తగ్గిస్తుంది, ఇన్ని వారాల్లో మాటలు వస్తాయి అని దాని పేజీలో రాసుంటే ఆ ఒక్క మాటకే పక్కన పెట్టేయొచ్చు. అమెరికాలో మందుల అనుమతులు చూసే ఎఫ్‌డీఏ 2020లో ఒక వీడియోగేమ్‌ని చికిత్సగా అనుమతించిన మాట నిజమే, దాని పేరు ఎండెవర్ ఆర్ఎక్స్, అది ఏడీహెచ్‌డీ అనే, నిలకడ, ధ్యాస కుదరని ఇబ్బంది ఉన్న పిల్లల ఏకాగ్రత కోసం, అప్పట్లో 8 నుంచి 12 ఏళ్లవాళ్లకి, ఆటిజానికి కాదు. ఆ వార్త చూపించి ఈ యాప్‌లు అమ్మేవాళ్లున్నారు. కొనేముందు మీవారిని కూడా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి ఆడించండి. మధ్యలో ప్రకటనలు వస్తున్నాయా? వస్తే వద్దు, పిల్లాడు ఎరుపు కోసం నొక్కి ఇంకెక్కడికో పోతాడు. సంగీతం, శబ్దాలు, మెరుపులు విడివిడిగా ఆపుకోవచ్చా? తెర అంతా టపటపా వెలిగి ఆరే ఆటలైతే అసలు వద్దు, ఆటిజం పిల్లల్లో మూర్ఛ మిగతావాళ్లలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఎన్ని బొమ్మలు రావాలి, ఎంత కష్టంగా ఉండాలి అన్నది మనం మార్చుకోగలమా? రంగుల ఆటకి కెమెరా, మైకు అనుమతి ఎందుకు అడుగుతోంది? ఇవన్నీ దాటిందంటే అప్పుడు ఆలోచించండి. నేనైతే ఆ డబ్బు ఇంకో రెండు థెరపీ సెషన్లకి పెట్టి, యాప్‌లోది చాప మీదికి ఎలా తేవాలో థెరపిస్టు చేతే చేసి చూపించమంటాను. అది మీ ఇష్టం.

ఎంతసేపు అంటారా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకి కూర్చుని తెర చూడటం రోజుకి గంట దాటకూడదని, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని. మీవాడు ఆ వయసు దాటాడు. నేను గడియారం కంటే వేరేవి చూస్తాను. నిద్ర సరిగ్గా ఉందా, పడుకునేముందు గంట ట్యాబ్ లేకుండా గడుస్తోందా, ఒంటరిగా ఆడేది ఎంత, మీతో ఆడేది ఎంత. నేర్చుకునే ఆట వరకైతే పదిహేను నిమిషాల చొప్పున రోజుకి రెండుసార్లు, రెండుసార్లూ మీరో మీ ఇంట్లో ఇంకెవరో పక్కన ఉండి. మీకు వంటో పనో ఉండి వాణ్ణి కాసేపు కూర్చోబెట్టాలనుకుంటే ఆ సమయానికి వేరే ఏదైనా పెట్టుకోండి, దానికి అపరాధభావం అక్కర్లేదు, కాకపోతే దాన్ని థెరపీ అని పిలుచుకోవద్దు.

పెద్దయ్యాక కథ మారుతుంది, అది కూడా తెలిసి ఉంటే మంచిది. మాటలు బాగా వచ్చిన పెద్ద పిల్లలకి నలుగురితో కలిసి ఆడే ఆటలే స్నేహాల చోటవుతాయి. కెనడాలో స్టువర్ట్ డంకన్ అనే తండ్రి 2013లో ఆటిజం పిల్లల కోసమే ఆట్‌క్రాఫ్ట్ అని మైన్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ కట్టడాల ఆటలో ఒక సర్వర్, అంటే వాళ్లకంటూ ఒక విడి చోటు, మొదలుపెట్టాడు, వేరే చోట్ల ఏడిపిస్తున్నారని పిల్లలు బాధపడుతుంటే. అక్కడ కలిసి ఇళ్లు కట్టుకుంటారు, కబుర్లు చెప్పుకుంటారు. మీకు దానికి ఇంకా చాలా టైమ్ ఉంది.

ఇప్పటికి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. యాప్ ఇచ్చే నక్షత్రాలు, మార్కులు అందులో వద్దు. ఈ రోజు ఆటలోది ఏదైనా ఆట బయట కనిపించిందా, అదొక్కటే రాయండి. తలుపు దగ్గర ఎర్ర చెప్పు చూసి ఆగాడు, ఆవు బొమ్మ చూసి ఆటలోని శబ్దం చేశాడు, అంకెల ఆటలోలాగా మెట్లు ఎక్కుతూ "వన్ టూ" అన్నాడు, ఇలాంటివి. విన్నది తిరిగి అంటాడన్నారు కదా, ఆటలో మాటల్ని అనడం మొదలుపెడితే ఆపకండి, ఏ సందర్భంలో అన్నాడో రాయండి. చాలాసార్లు అందులో అర్థం ఉంటుంది. "శభాష్, ఇంకోసారి" అని ఆటలోలాగే అంటూ మీ దగ్గరికొచ్చాడంటే ఊయల ఇంకోసారి ఊపమనేమో. ఆరు వారాలు చూసి పుస్తకంలో ఏమీ లేకపోతే ఆ ఆట తీసేసి వేరేది పెట్టండి, మార్కులు పదికి పది వస్తున్నా సరే. పుస్తకం థెరపిస్టుకి చూపించండి.

మీ అత్తగారికి కూడా ఒక పని ఇవ్వండి. ట్యాబ్ మీద ఆవిడకున్న కోపం మనకి బాగా పనికొస్తుంది. పదిహేను నిమిషాల ఆట మీది, ఆ వెంటనే చాప మీద బంతుల ఆట ఆవిడది. ఆవిడకి చెప్పాల్సింది రెండే, ఎర్రది అనకుండా "ఎరుపు" అనాలి, ఇవ్వకపోతే ఐదు లెక్కపెట్టేదాకా ఇంకో మాట అనకూడదు. రెండోదే కష్టం, మనకి కూడా.

నెల తర్వాత మళ్లీ రాయండి. రాసేటప్పుడు ఆ ఆటల పేర్లు రాయండి, తప్పు నొక్కితే ఏ శబ్దం వస్తుందో అది కూడా.